వినియోగదారుని చేతిలో ఫోను, కంపెనీ మెడపై బాధ్యత: జవహర్‌నగర్ నుండి ఒక పరిశీలన

(ప్రత్యేక వ్యాసం)

జవహర్‌నగర్: హైదరాబాద్ మహానగరంలో ప్రతిదినం అమ్ముడయ్యే చిప్స్ ప్యాకెట్లు, పండ్లరసపు డబ్బాలు, షాంపూ సాచెట్లు ఖాళీ అయిన తరువాత వాటిలో అత్యధిక భాగం చేరిన చోటు మేడ్చల్-మల్కాజిగిరి ప్రాంతంలోని జవహర్‌నగర్. మూడు వందల ఎకరాలకు పైబడిన ఇక్కడి డంపింగ్ యార్డులో దశాబ్దాల పాటు పేరుకున్న పాత చెత్తయే సుమారు 1.2 కోట్ల టన్నులని అధికారిక అంచనా. లోపలి సరుకు మిగలకపోయినా ప్యాకెట్ మీది కంపెనీ పేరు మాత్రం చెరిగిపోదు. ఎండకు వెలిసి, వానకు తడిసి, ఆరునెలల తరువాత కూడా ఆ పేరు చదవడానికి వీలుగానే ఉంటుంది.

అదే ప్యాకెట్ నగరంలోని దుకాణంలో ఉన్నప్పుడు దానికి లభించే గౌరవం వేరు. కొనుగోలుదారు దానిపై ఒక లోపం కనిపెట్టి, ఫోటో తీసి, సామాజిక మాధ్యమంలో ఉంచినచో కొద్ది గంటలలో కంపెనీ ప్రతినిధి సమాధానమిస్తాడు. డబ్బు వాపసు వస్తుంది. ఒక్కొక్కప్పుడు కంపెనీ విధానమే మారుతుంది. దుకాణంలో ఇంత త్వరగా పలికే కంపెనీ, జవహర్‌నగర్‌లో ఎందుకు పలకదు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే, దుకాణం వద్ద వినియోగదారుడు సాధించినది ఏమిటో, ఎలా సాధించాడో ముందుగా తెలుసుకోవలసి ఉన్నది. ఇందుకు హైదరాబాద్‌లోనే ఒక చక్కని ఉదాహరణ కలదు.

డబ్బాపై మూడు అక్షరాలు

విరేచనాలతో నీరసించిన బిడ్డకు ఇవ్వవలసిన ఓ.ఆర్.ఎస్. ద్రావణానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దిష్టమైన సూత్రం నిర్ణయించింది. 2002 నుండి అమలులో ఉన్న ఈ సూత్రం ప్రకారం ఒక లీటరు నీటిలో గ్లూకోజు 13.5 గ్రాములు, సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. ఈ పాళ్లలో ఎక్కువ తక్కువలకు తావులేదు. ఉప్పు, గ్లూకోజు సరైన నిష్పత్తిలో ఉన్నప్పుడే పేగు నీటిని పీల్చుకుంటుంది. చక్కెర మోతాదు మించినచో శరీరంలోని నీరే పేగులోనికి లాగబడి విరేచనాలు అధికమవుతాయి. ప్రాణం నిలపడానికి ఇచ్చినది ప్రాణం మీదికి తెస్తుందన్నమాట.

మందుల దుకాణాలలో ఇదే పేరును పోలిన పేర్లతో తియ్యని పండ్ల రుచుల పానీయాలు అనేక సంవత్సరాలు అమ్ముడయ్యాయి. వాటి డబ్బాలపై ఓ.ఆర్.ఎస్. అనే అక్షరాలు పెద్దవిగా కనిపించేవి. అసలైన ఓ.ఆర్.ఎస్. పొడి ఔషధ చట్టం పరిధిలోకి వస్తుంది. ఈ పానీయాలు ఆహార చట్టం కింద లైసెన్సు పొందినవి. ఒకే దుకాణంలో, ఒకే అరలో, రెండు వేర్వేరు చట్టాల కింది సరుకులు పక్కపక్కన ఉన్నప్పుడు అర్ధరాత్రి బిడ్డను ఎత్తుకుని వచ్చిన తండ్రి వాటి తేడాను గుర్తించగలడని ఆశించడం న్యాయం కాదు.

హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఈ విషయమై సుమారు ఎనిమిది సంవత్సరాలు పోరాడారు. సామాజిక మాధ్యమాలలో వీడియోల ద్వారా లేబుళ్లను చదివి వినిపించారు, అధికారులకు వినతిపత్రాలు పంపారు, 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజా ప్రయోజన వ్యాజ్యం దాఖలు చేశారు. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ (ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ.) 2022 ఏప్రిల్‌లో ఈ పేరు వాడరాదని ఉత్తర్వు ఇచ్చింది. కాని అదే సంవత్సరం జూలై 14న సడలింపు వచ్చింది. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓ.ఆర్.ఎస్. కాదు అని డబ్బాపై ముద్రించినచో, ట్రేడ్‌మార్కులో భాగంగా ఆ అక్షరాలను వాడుకోవచ్చునని దాని సారాంశం. 2024 ఫిబ్రవరి 2న మరొక ఉత్తర్వు వెలువడింది. ముందు వైపు ఓ.ఆర్.ఎస్. అని పెద్ద అక్షరాలతో చెప్పి, ఓ.ఆర్.ఎస్. కాదని వేరొక వాక్యంలో చెప్పే డబ్బాను తయారు చేయడానికి ఆ సడలింపు అవకాశమిచ్చింది.

2025 అక్టోబర్ 14న ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. ఆ రెండు సడలింపులను ఉపసంహరించింది. నిర్ణీత సూత్రానికి అనుగుణం కాని ఏ పానీయం పేరులోనూ, ట్రేడ్‌మార్కులో భాగంగానైనా, ముందు వెనుక ఏ పదం చేర్చినా, ఓ.ఆర్.ఎస్. అనే మాట ఉండరాదని స్పష్టం చేసింది. ఆ వార్త తెలిసిన రోజున డాక్టర్ శివరంజని కన్నీళ్లతో మాట్లాడిన వీడియోను దేశవ్యాప్తంగా ప్రజలు చూశారు.

వ్యవహారం అంతటితో ముగియలేదు. ఒక ప్రధాన తయారీదారైన జె.ఎన్.టి.ఎల్. కన్స్యూమర్ హెల్త్ సంస్థ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించి, తమ వాదన వినేవరకు అక్టోబర్ 17న తాత్కాలిక ఉపశమనం పొందింది. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. ఆ వాదనను విని అక్టోబర్ 30న తిరస్కరించింది. హైదరాబాద్ కేంద్రంగా గల డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ తమ ఉత్పత్తి విషయమై వేసిన పిటిషన్‌లో జోక్యం చేసుకోవడానికి అక్టోబర్ 31న హైకోర్టు నిరాకరించింది. నవంబర్ 19న దుకాణాల నుండి, ఈ-కామర్స్ వేదికల నుండి అట్టి సరుకును తొలగించవలసిందిగా రాష్ట్రాలకు ఆదేశాలు వెళ్లాయి.

ఈ తేదీలను ఇంత వివరంగా పేర్కొనడానికి కారణమున్నది. వీడియో ఒక్క రాత్రిలో ఊరూరా తిరిగింది కాని, డబ్బాపై అక్షరాలు మారడానికి ఎనిమిది సంవత్సరాలు పట్టింది. ప్రజల ఆగ్రహం కంపెనీని ఇబ్బంది పెట్టింది. అయితే కంపెనీని కట్టడి చేసినది మాత్రం ఉత్తర్వు సంఖ్య, తేదీ కలిగిన ఒక కాగితం. ఆ కాగితం ఒకసారి వెనుకకు వెళ్లినప్పుడు కంపెనీ కూడా వెనుకకే వెళ్లినది.

మరికొన్ని ఉదాహరణలు

2023 ఏప్రిల్‌లో రేవంత్ హిమత్‌సింగ్కా అనే యువకుడు బోర్న్‌విటాలోని చక్కెర మోతాదుపై ఒక వీడియో ఉంచారు. కంపెనీ నుండి లాయరు నోటీసు రాగా ఆయన క్షమాపణ చెప్పి వీడియోను తొలగించారు. అప్పటికే దానిని చూచినవారు కోకొల్లలు. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ కంపెనీని వివరణ కోరింది. ఆ సంవత్సరం డిసెంబర్ నాటికి వంద గ్రాములకు కలిపిన చక్కెర 37.4 గ్రాముల నుండి 32.2 గ్రాములకు, అనగా సుమారు 14 శాతం తగ్గింది. 2024 ఏప్రిల్ 10న కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ అట్టి పానీయాలను ఆరోగ్య పానీయాలు అనే విభాగం నుండి తొలగించవలసిందిగా ఈ-కామర్స్ సంస్థలకు సూచించింది. నోటీసు ఇచ్చి వీడియోను తీసివేయించవచ్చు గాని, దానిని చూచిన తల్లుల జ్ఞాపకం నుండి తీసివేయించలేమని ఈ ఘటన ద్వారా కంపెనీలు గ్రహించి ఉండవచ్చు.

2024 మార్చి 19న జొమాటో సంస్థ శాకాహార ఆర్డర్లకు ప్రత్యేకంగా పచ్చరంగు దుస్తుల సిబ్బందిని ఏర్పాటు చేస్తున్నట్లు ప్రకటించగా, ఎర్రరంగు దుస్తులవారిని కొన్ని నివాస సముదాయాలలో అడ్డుకునే ప్రమాదమున్నదని సామాజిక మాధ్యమాలలో అభ్యంతరాలు వెల్లువెత్తాయి. మరునాడే ఆ రంగు తేడాను సంస్థ విరమించుకున్నది. ఇక్కడ గమనించదగిన అంశం ఒకటున్నది. అభ్యంతరం తెలిపినవారు తమ సరుకు బాగులేదని చెప్పలేదు. భోజనం తెచ్చి ఇచ్చే మనిషి గౌరవం గురించి మాట్లాడారు. తనకు నష్టం లేని విషయంలో కూడా కొనుగోలుదారు పెదవి విప్పగలడనుటకు ఇది నిదర్శనం. జవహర్‌నగర్ విషయానికి వచ్చినప్పుడు ఈ సంగతి మరల అవసరపడుతుంది.

మన రాష్ట్రంలో 2024 ఏప్రిల్ నుండి ఆహార భద్రతా విభాగం హైదరాబాద్ హోటళ్లలో జరిపిన తనిఖీల వివరాలను, ఫోటోలతో సహా, ఎక్స్ వేదికపై ప్రకటించింది. ఏ హోటల్‌లో ఏ లోపం కనబడినదో పేరుతో సహా వెల్లడికావడంతో తనిఖీకి రాని హోటళ్లు కూడా వంటగదుల వైపు చూసుకోవలసి వచ్చింది. ఆ సంవత్సరం అక్టోబర్ 30న పచ్చిగుడ్డుతో తయారయ్యే మయొనీజ్‌ను రాష్ట్ర ప్రభుత్వం ఒక సంవత్సరం పాటు నిషేధించింది.

అయితే ఫోనులో కనిపించినదంతా నిజమని అధికారులు గాని, పాత్రికేయులు గాని భావించరాదు. పాత వీడియోకు కొత్త ఊరి పేరు తగిలించి పంపడం, పోటీ వ్యాపారిపై కిరాయి సమీక్షలు వ్రాయించడం, డబ్బు తీసుకుని ఆ సంగతి చెప్పకుండా సరుకును పొగడడం, ఇవన్నీ ఇదే వేదికలపై జరుగుతున్నాయి. ఒక చిన్న మెస్సు నడుపుకునే కుటుంబాన్ని ఒక అబద్ధపు వీడియో వీధిన పడవేయగలదు. పెద్ద కంపెనీకి లాయర్లు ఉంటారు, ఆ కుటుంబానికి ఉండరు. ఆన్‌లైన్ సమీక్షలకు భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐ.ఎస్. 19000 అనే ప్రమాణాన్ని రూపొందించినప్పటికీ, అది స్వచ్ఛందంగా పాటించవలసినదిగానే వెలువడినది. ఆన్‌లైన్‌లో వినియోగదారుని మభ్యపెట్టే 13 రకాల ఎత్తుగడలను నిషేధిస్తూ 2023 నవంబర్ 30న విడుదలైన మార్గదర్శకాలు అంతకంటే బలమైనవి.

చట్టం ఇచ్చిన ఆధారం

2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఈ మార్పుకు వెన్నుదన్నుగా ఉన్నది. వినియోగదారుడు తాను నివసించే లేదా పనిచేసే చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. కంపెనీ ప్రధాన కార్యాలయం ముంబైలో ఉన్నదని ముంబై వెళ్లనవసరం లేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల వరకు, మరల అదే తప్పు చేసినచో 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ప్రకటనలో కనిపించిన ప్రముఖులకు కూడా ఇది వర్తిస్తుంది.

అధికారులు ముఖ్యంగా గుర్తుంచుకోవలసినవి సెక్షన్ 16, సెక్షన్ 17. ఒక వర్గంగా వినియోగదారుల హక్కులకు భంగం కలిగినప్పుడు ఫిర్యాదును వ్రాతపూర్వకంగా గాని, ఎలక్ట్రానిక్ పద్ధతిలో గాని జిల్లా కలెక్టరుకు పంపవచ్చును. కలెక్టరు విచారణ జరిపి నివేదిక సమర్పించవచ్చును. ఒక పోస్టును వందలమంది పంచుకోవడం మరునాటికి మరుగున పడవచ్చు. అందులోని ఒకరు కలెక్టరు కార్యాలయానికి పంపిన ఫిర్యాదుకు ఇన్‌వార్డు సంఖ్య పడుతుంది.

ఖాళీ ప్యాకెట్ తరువాత

ఇక జవహర్‌నగర్. పై చట్టం ప్రకారం వినియోగదారుడంటే డబ్బు చెల్లించి సరుకు గాని, సేవ గాని పొందినవాడు. జవహర్‌నగర్, బాలాజీనగర్, మల్కారం, దమ్మాయిగూడ ప్రాంతాలలో దుర్వాసన భరించే గృహిణి చెత్త శుద్ధి చేసే సంస్థకు నేరుగా ఏమీ చెల్లించదు. 2009లో చెత్త నిర్వహణకు రాంకీ సంస్థతో ఒప్పందం చేసుకున్నది గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్. కనుక ఆ సంస్థకు కొనుగోలుదారు కార్పొరేషనే. చిప్స్ కంపెనీకి కొనుగోలుదారు నగరంలో ఎక్కడో ఉన్నాడు. వాసన పీల్చే మనిషి ఈ ఇద్దరిలో ఎవరికీ కొనుగోలుదారు కాదు. ఆమె అలిగితే ఏ కంపెనీకీ ఒక్క రూపాయి అమ్మకం తగ్గదు. దుకాణంలో పలికే కంపెనీ ఇక్కడ పలకకపోవడానికి అసలు కారణం ఇదే.

అందువలన ఇక్కడివారు నడచిన దారి వేరు. వారూ ఫోటోలు, వీడియోలు పంపారు, మంత్రులకు, అధికారులకు ట్వీట్లు చేశారు. ధర్నాలు చేశారు, జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. పాత చెత్తగుట్టను పొరలతో కప్పివేసే పని, 2020 నవంబర్ 10న ప్రారంభమైన 19.8 మెగావాట్ల విద్యుత్ కేంద్రం, చెత్త నుండి ఊరి మల్కారం చెరువును పాడుచేసిన మురుగు ద్రవాన్ని శుద్ధి చేయడానికి 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైన కేంద్రం, ఇవన్నీ ఆ సుదీర్ఘ ఒత్తిడి నేపథ్యంలో వచ్చినవే. 2019లో ప్రత్యేక నగరపాలక సంస్థగా ఏర్పడిన జవహర్‌నగర్ 2025 డిసెంబర్‌లో గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనమైనది. చెత్త పంపేవారు, చెత్త పక్కన నివసించేవారు ఆ విధంగా ఒకే పాలన కిందికి వచ్చినారు. ఈ చర్యలన్నిటిలోను ఖర్చు, బాధ్యత ప్రభుత్వానివి, కార్పొరేషన్‌వి, నిర్వాహక సంస్థవి. ప్యాకెట్ మీద పేరున్న కంపెనీ ప్రస్తావన వీటిలో ఎక్కడా రాదు.

ఆ కంపెనీకి బాధ్యత లేదని చట్టం అనడం లేదు. 2022 ఫిబ్రవరి 16న వెలువడిన ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ సవరణ నియమాల ప్రకారం, తాము మార్కెట్‌లోకి వదిలిన ప్లాస్టిక్ ప్యాకింగ్‌కు సమానమైన వ్యర్థాల సేకరణ బాధ్యత ఉత్పత్తిదారులది, దిగుమతిదారులది, బ్రాండ్ యజమానులది. ఈ బాధ్యత 2021-22లో 25 శాతం, 2022-23లో 70 శాతం, 2023-24 నుండి 100 శాతం. చిప్స్ ప్యాకెట్ల వంటి బహుళపొరల ప్యాకింగ్‌ను నియమాలు ప్రత్యేక వర్గంగా గుర్తించాయి. ప్లాస్టిక్‌ను లోహపు పొర నుండి వేరుచేయడం కష్టం గనుక చెత్త ఏరుకునేవారు వీటిని ముట్టరు. పాలిథీన్ సంచికి, నీళ్ల సీసాకు తూకపు ధర పలుకుతుంది, వీటికి పలకదు. చివరకు గుట్టపై మిగిలేవి ఇవే.

అయితే ఈ బాధ్యతను కంపెనీ తన ప్యాకెట్‌నే వెదికి తెచ్చి తీర్చుకోనవసరం లేదు. రీసైక్లింగ్ చేసిన సంస్థ నుండి ధ్రువపత్రాలు కొనవచ్చును. ఈ పద్ధతి సౌకర్యవంతమైనదే గాని, 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీలలో లక్షల సంఖ్యలో నకిలీ ధ్రువపత్రాలు బయటపడ్డాయి. కాగితంపై రీసైకిల్ అయిన ప్యాకెట్ గుట్టపై ఉన్నచోటనే ఉండిపోయినది.

కంపెనీలు సామాజిక బాధ్యత అనగానే బడికి బల్లలు, ఊరికి మంచినీటి ప్లాంటు చూపుతాయి. కంపెనీల చట్టం, 2013లోని సెక్షన్ 135 ప్రకారం నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం ఇట్టి పనులకు వెచ్చించాలి. అవి అవసరమైన పనులే. కాని అది లాభం వచ్చిన తరువాత చేసే ఖర్చు. లాభం ఏ విధంగా వచ్చినది, సరుకు వాడిన తరువాత మిగిలినదానిని ఎవరు మోస్తున్నారు అనేవి దానికి ముందు అడగవలసిన ప్రశ్నలు.

ఈ ప్రశ్నలు అడిగే ఒక పద్ధతి ఇతర దేశాలలో రూపుదిద్దుకున్నది. 2017లో ఫిలిప్పీన్స్‌లోని ఫ్రీడమ్ ఐలాండ్ తీరంలో స్వచ్ఛంద కార్యకర్తలు చెత్తను ఏరి, బరువు తూచడంతో ఆగక, ప్రతి ప్యాకెట్ మీది కంపెనీ పేరును లెక్క వ్రాశారు. 2018లో బ్రేక్ ఫ్రీ ఫ్రమ్ ప్లాస్టిక్ ఉద్యమం ఇదే లెక్కను 42 దేశాలలో జరిపింది. కోకాకోలా, పెప్సీకో, నెస్లే ముందు వరుసలో నిలిచాయి. ఆ జాబితాలను సామాజిక మాధ్యమాలలో చూచి ప్రశ్నించినవారు ఆ కంపెనీల కొనుగోలుదారులే. గుట్ట పక్కన నివసించే మనిషికి, దుకాణంలో కొనే మనిషికి మధ్య తెగిన లంకెను ఆ లెక్క కలిపినది. ఇందుకు పెద్ద పరిశోధనాలయం అవసరం లేదు. ఒక గోనె సంచెడు చెత్త, చేతి తొడుగులు, ఒక నోటు పుస్తకం చాలును.

పాత్రికేయులకు మరొక ఆధారం సిద్ధంగా ఉన్నది. సెబీ ఆదేశం మేరకు 2022-23 నుండి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు ప్రతి సంవత్సరం వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదికను ప్రచురించవలసి ఉన్నది. ఇందులోని 9వ సూత్రం కింద ఆ సంవత్సరం వచ్చిన వినియోగదారుల ఫిర్యాదులెన్ని, పరిష్కారం కానివెన్ని అనే సంఖ్యలుంటాయి. 6వ సూత్రం కింద ప్యాకింగ్ వ్యర్థాల బాధ్యత ఆ కంపెనీకి వర్తిస్తుందా, వర్తించినచో సేకరణ ప్రణాళిక కాలుష్య నియంత్రణ మండలికి సమర్పించిన ప్రణాళికకు అనుగుణంగా ఉన్నదా అనే ప్రశ్నకు కంపెనీ స్వయంగా ఇచ్చిన జవాబుంటుంది. స్టాక్ ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో ఎవరైనా ఈ నివేదికలను చూడవచ్చును. కంపెనీ వ్రాసిన జవాబును ఒక చేతిలో, గుట్టపై దొరికిన ప్యాకెట్‌ను మరొక చేతిలో ఉంచుకుని అడిగే ప్రశ్నకు, సాధారణ పత్రికా ప్రకటనతో సమాధానం చెప్పడం ఏ ప్రతినిధికైనా సులభం కాదు.

సరుకులు, సేవలు, ప్రకటనలపై ఫిర్యాదులను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను ద్వారా గాని, 8800001915 నంబరుకు వాట్సాప్ ద్వారా గాని తెలుపవచ్చును. వినియోగదారుల కమిషన్లలో కేసులను ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుండే దాఖలు చేయవచ్చును. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉన్నచో ఫీజు లేదు. ఫిర్యాదుతోపాటు బిల్లు, లేబుల్‌లోని అన్ని వైపుల ఫోటోలు, బ్యాచ్ సంఖ్య, కొన్న తేదీ జతపరచాలి. దుర్వాసన, నీటి కాలుష్యం విషయమై రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేసేవారు తేదీ, సమయం, ప్రదేశం తప్పక పేర్కొనాలి. ప్లాస్టిక్ ప్యాకెట్లపై ఉత్పత్తిదారుని పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి. 2025 జూలై 1 నుండి ఈ వివరాలను క్యూ.ఆర్. కోడ్ రూపంలో ఇచ్చే వీలు కల్పించబడినందున, ప్యాకెట్‌ను పారవేయుటకు ముందే ఫోనుతో ఆ కోడ్‌ను తెరచి చూడవచ్చును.